ముందు చక్రము, పిమ్మట కప్లరు

నమూనా రైలుబండిపై మక్కువతో ధనము వెచ్చించి, గది నిండ పట్టాలు పరచి, ఇంజను వెనుక ముప్పది గూడ్సు పెట్టెలు తగిలించి మీట త్రిప్పిన గృహస్థునకు, ఆ బండి మొదటి వంపు దాటకమునుపే నడుమ తెగి సగము వెనుక నిలిచిపోవుటయో, వెనుకకు నెట్టునపుడు ఏదో ఒక పెట్టె పట్టాలు దిగి ప్రక్కకు ఒరుగుటయో సంభవించినచో, అతని కోపము సాధారణముగా పట్టాలమీదికే పోవును. ఆ వంపును విప్పును, మరల పరచును, మేకులు మార్చును, అడుగున కార్కుపలక చేర్చును. ఇంత చేసిన పిమ్మటను అదే పెట్టె అదే చోట పడును. పట్టాలలో దోషముండదని నేననను. కాని అదే వంపుమీద తక్కిన ఇరువదితొమ్మిది పెట్టెలు సుఖముగా సాగిపోవుచుండగా ఒకటి మాత్రమే పడుచున్నచో, వెదకవలసిన చోటు ఆ పెట్టె పొట్టక్రిందనే ఉన్నది: చక్రములను మోయు చట్రములయందును, పెట్టెను పెట్టెతో కలుపు కప్లరులయందును.

ఆ రెంటిని మార్చు పనిని గూర్చి వ్యక్తిత్వ వికాసమునకు సంబంధించిన గ్రంథములో ఒక అధ్యాయమంతయు ఏల అని అడుగువారుందురు. ఓర్పు, ఏకాగ్రత అను మాటలను వేదికలపైనుండి ఎంతసేపు పలికినను అవి వినువాని వ్రేళ్ళలోనికి దిగవు. ఏది ముందు, ఏది వెనుక అను క్రమము తప్పినంతనే ఫలము చెడిపోవుటను కంటికి కట్టించు చిన్న పని ఒకటి చేతికిచ్చినచో, ఆ గుణములు పిలువకయే వచ్చును. ఇట్టి పనులలో దీనిని మించినది నేనెరుగను. ఇందలి క్రమము మిక్కిలి నిష్కర్షయైనది: ముందు చక్రము, పిమ్మట ఎత్తు, ఆ పిమ్మట కప్లరు, కట్టకడపట బరువు. బండి తెగినది కప్లరు వద్దనే గనుక, అది కంటికెదురుగ ఉండును గనుక, అందరును దానితోనే మొదలిడుదురు. నాలుగు కప్లరులు మార్చి, అవియును తెగుచుండగా అంగడివానిని నిందింతురు. చట్రము మారినచో పెట్టె ఎత్తు మారును; పెట్టె ఎత్తు మారినచో కప్లరు ఎత్తు మారును; కావున కప్లరును ముందుగా సరిచేసినవాడు దానిని రెండవమారు సరిచేయక తప్పదు.

నేను చెప్పబోవునది అమెరికా గూడ్సు పెట్టెల హెచ్.ఓ. నమూనాలను గూర్చి. అసలు బండిని ఇంచుమించు 87వ వంతునకు తగ్గించి చేసినవి ఇవి. అసలు బండిలో ఒక అడుగునకు ఇందు మూడున్నర మిల్లీమీటర్లు. పట్టాల నడిమి ఎడము 16.5 మిల్లీమీటర్లు. 1935లో మిల్వాకీ నగరమున స్థాపితమైన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ చక్రములకు, పట్టాలకు, కప్లరుల ఎత్తునకు కొలతలు నిర్ణయించి ప్రకటించుటవలననే నేడు ఒకరి బండి వేరొకరి దారిమీద నడువగలుగుచున్నది. అమెరికాలో స్థిరపడి ఇంటి నేలమాళిగలో ఇట్టి దారి పరచుకొన్న తెలుగువారికి ఈ అధ్యాయము నేరుగా పనికివచ్చును. తక్కినవారు కొలతలను వదలి విధానమును గ్రహింపవచ్చును.

కప్లరు చరిత్ర కొంత తెలిసియుండుట మంచిది, ఏలయన నమూనాలోని చిక్కులన్నియు అసలు బండిలోని చిక్కులకు సంతానమే. పందొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో రెండు పెట్టెలను కలుపుటకు ఒక ఇనుప కొలికియు, దానిని పట్టియుంచు ఒక ఇనుప శీలయు మాత్రమే ఉండెడివి. కదలివచ్చుచున్న పెట్టెకును నిలిచియున్న పెట్టెకును నడుమ మనుష్యుడు నిలుచుండి, ఆ కొలికిని చేతితో పట్టి రంధ్రములోనికి చొప్పించి, సరియైన క్షణమున శీల దింపవలసి యుండెను. ఆ పనిలో వ్రేళ్ళు పోగొట్టుకొన్నవారు, ప్రాణములే పోగొట్టుకొన్నవారు పెక్కుమంది. వర్జీనియా వాసియైన ఈలై జానీ 1873లో పేటెంటు పొందిన కప్లరులో, మడతపడు ఉక్కు పిడికిళ్ళు రెండు ఒకదానినొకటి తాకినంతనే తమంతట తామే పెనవేసికొనును. నడుమ మనిషి నిలువనక్కరలేదు. 1893లో అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ సంతకము చేసిన చట్టము తమంతట తామే తగులుకొను కప్లరులను, గాలిబ్రేకులను రైలు కంపెనీలకు విధిచేసెను. మన దేశమున నేడు బొగ్గును, సిమెంటును మోయు వ్యాగన్లకున్న నడిమి కప్లరు ఆ వంశములోనిదే. కాజీపేటలోనో బెజవాడలోనో ప్లాట్‌ఫారము చివర నిలుచుండి గూడ్సుబండి సాగిపోవుట చూచినవారు ఆ పిడికిళ్ళను చూచియే యుందురు. ఆ వ్యాగన్ల క్రింది కాస్నబ్ బోగీయును, ప్రక్కల రెండు పోతయుక్కు చట్రములు, నడుమ ఒక అడ్డదూలము గలిగిన అమెరికా పద్ధతి మూడు ముక్కల నిర్మాణమే. బెజవాడ చెంత రాయనపాడు వ్యాగన్ వర్కుషాపులో పెద్ద క్రేనులతో జరుగు పనికి, బల్లమీద చిన్న స్క్రూడ్రైవరుతో మనము చేయబోవు పని దూరపు చుట్టము.

నమూనాలలో జానీ పిడికిలి చాలకాలము రాలేదు. 1950ల నుండి కొన్ని దశాబ్దములపాటు పిల్లల రైలు సెట్లలో వచ్చినది ఎక్స్ 2 ఎఫ్ అను కప్లరు. తలకొక కొమ్ము పొడుచుకొనివచ్చిన ప్లాస్టిక్ ముక్క అది. అసోసియేషన్ దానిని ప్రయోగముగా రూపొందించెనే గాని ప్రమాణముగ ఎన్నడును అంగీకరింపలేదు. చౌకయైనది గనుక తయారీదారులు తమంతట తామే దానిని చేపట్టిరి. అవి రెండు తగులుకొనినపుడు ఒకదానినొకటి ప్రక్కకు నొక్కుచుండును. లాగునపుడు ఆ నొక్కుడు బాధింపదు. వెనుకకు నెట్టునపుడు మాత్రము అదే నొక్కుడు పెట్టెను పట్టాలనుండి ప్రక్కకు త్రోయును. దీనికితోడు ఆ సెట్లలో కప్లరును పెట్టె నేలకు గాక చక్రముల చట్రమునకే అతికింతురు. స్పెయిన్ దేశపు టాల్గో బండి పేర దీనిని టాల్గో పద్ధతి యందురు. చిన్న వంపులమీద తిరుగుటకు ఇది అనుకూలమే. కాని నెట్టుబలమంతయు చక్రముల చట్రముమీదనే పడి దానిని మెలిత్రిప్పును, మెలిదిరిగిన చక్రము పట్టా నెక్కును. దుకాణములోని గాజుబీరువాలో ఇవి రెండును కలిసియున్న పెట్టె ఎంత ముద్దుగా కనబడినను, షంటింగు చేయదలచినవానికి అది నిరుపయోగము.

ఆరెగన్ రాష్ట్రమునకు చెందిన కవల సోదరులు కీత్, డేల్ ఎడ్వర్డ్సులు తమ పేర్ల తొలి అక్షరములు కలిపి కేడీ అని పేరిడిన సంస్థ, జానీ పిడికిలిని పోలిన చిన్న లోహపు కప్లరును తయారుచేసెను. ఆ పిడికిలి తాకినంతనే తగులుకొనును. దానికి క్రిందుగా వ్రేలాడు వంకర తీగె చూచుటకు గాలిబ్రేకు గొట్టమువలె నుండి, పట్టాల నడుమ పెట్టిన అయస్కాంతముమీదికి వచ్చినపుడు ప్రక్కకు లాగబడి పిడికిలిని విప్పును. వారి 5వ నెంబరు కప్లరు దశాబ్దములపాటు అమెరికా హెచ్.ఓ. లోకమునకు అప్రకటిత ప్రమాణమై నిలిచినది. పేటెంటు గడువు తీరిన పిమ్మట తక్కిన కంపెనీలును ఆ పోలికనే ప్లాస్టిక్ కప్లరులు చేయసాగెను. అవి కేడీవానితో కలియును, కొత్తలో చక్కగానే పనిచేయును. అయినను పొడుగాటి బండిలో ఇంజను వెనుకనే నిలిచి బరువంతయు లాగవలసిన పెట్టెకు లోహపు పిడికిలినే వాడుమని నా సలహా, ఏలయన ప్లాస్టిక్ పిడికిలి బరువునకు కొంచెము వంగినను జారిపోవును.

ఇక పనిలోనికి దిగుదము. పెట్టెను స్పాంజి పరుపుమీద తలక్రిందుగా పరుండబెట్టి, మొట్టమొదట చక్రములను పరీక్షింపుడు. రెండు చక్రముల నడిమి ఎడము సరిగానున్నదో లేదో చూచుటకు అసోసియేషన్ వారి రేకు గేజి ఒకటి దొరకును. చక్రపు అంచులు దాని గాడులలో బిగియకయు, అటునిటు ఊగకయు కూర్చుండవలెను. లోహపు చక్రమైనచో ఇరుసుమీద మెల్లగా త్రిప్పుచు లోపలికో వెలుపలికో జరుపవచ్చును; ఇరుసును చక్రములును ఏకముగా పోతపోసిన ప్లాస్టిక్ జత తప్పు కొలతలో ఉన్నచో దానికి చికిత్స లేదు, తీసివేయుటయే. పాత సెట్లలోని చక్రముల అంచులు మిక్కిలి లోతు. ఎత్తు తక్కువైన పట్టాలమీద అవి మేకుల తలలకు తగిలి టకటక కొట్టుకొనుచు పోవును. ఆర్.పి. 25 అను ఆకృతిలో చేసిన చక్రపు అంచు పొట్టిగానుండి, అంచునకును చక్రపు నడుముఖమునకును నడుమ నున్నని వంపు కలిగి, వంకరలలో చక్రము తనంత తాను నడిమికి వచ్చునట్లు చేయును. ప్లాస్టిక్ చక్రములకంటె లోహపు చక్రములు మేలు. మొదటివి పట్టాలమీది నల్లని మడ్డిని పోగుచేసికొని దారియంతట పూయుచుండును. ముప్పది పెట్టెలకు చక్రములు మార్చుట ఖర్చుతో కూడినదే, కాని పట్టాలు తుడుచుటలో పోవు ఆదివారములను లెక్కవేసికొన్నచో అది ఖర్చు కాదు.

ఇరుసు కొనలు సూదివలె సన్నగానుండి, చట్రములోని శంకువు గుంటలలో తిరుగును. ఆ గుంటలో ప్లాస్టిక్ పొరపెచ్చు మిగిలియున్నను, ఇరుసు పొడవు ఒకింత తక్కువైనను ఎక్కువైనను, చక్రము ఈడ్చుకొని పోవును. గుంటలను నునుపుచేయు చిన్న మరపనిముట్టు అమ్మకములో ఉన్నది. చట్రమునందు దానిని చొప్పించి రెండు మూడు మారులు వ్రేళ్ళతో త్రిప్పినచో చాలును, ఎక్కువ త్రిప్పినచో గుంట పెద్దదైపోవును. నూనె వేయవలదు, నూనె ధూళిని పిలుచును. కొంచెము వాలుగానున్న పట్టామీద వదలినప్పుడు పెట్టె తనంత తాను కదలి దొర్లవలెను. ఇరుసు లోహమును గూర్చి ఒక మాట: ఉక్కు ఇరుసులు అయస్కాంతముచే ఆకర్షింపబడును గనుక, అయస్కాంతపు విడుపును నమ్ముకొన్నవారు ఇత్తడి ఇరుసులనే కొనుట మంచిది, లేనిచో విడిచిన పెట్టె తనకు తోచినట్లు అయస్కాంతము వైపు దొర్లుచుండగా చూచి విస్తుపోవలసివచ్చును.

చట్రమునే మార్చవలసినపుడు దాని రూపమును గూర్చి కొంత విచారింపవలెను. ఇనుప కమ్మీలను వంచి బోల్టులతో బిగించిన ఆర్చిబారు చట్రము పాతకాలపుది. ఒక కంపెనీ పెట్టె వేరొక కంపెనీ దారిమీదికి పోవుటకు దానిని 1940 ప్రాంతమున నిషేధించిరి. దాని పిమ్మట వచ్చినది బెటెన్‌డార్ఫ్ పద్ధతి పోతయుక్కు చట్రము. ఆ పిమ్మట, 1960ల నుండి కొత్త పెట్టెలకు సర్వసాధారణమైనది, ఇరుసు కొనయందు మూత తిరుగుచు కనబడు రోలరు బేరింగు చట్రము. చక్రపు వ్యాసములో కూడ తేడా కలదు: సామాన్యమైన పెట్టెలకు 33 అంగుళములు, నూరు టన్నుల బరువు మోయు పెద్ద పెట్టెలకు 36 అంగుళములు, నమూనాలో ఇవి వరుసగా 9.6, 10.5 మిల్లీమీటర్లగును. 1930ల నాటి చెక్క పెట్టెక్రింద రోలరు బేరింగు చట్రము పెట్టుట తెలిసినవానికి నవ్వు తెప్పించును. ఐనను చరిత్రయు చక్కని నడకయు రెండును ఒక్క చట్రములో దొరకనపుడు నేను నడకనే ఎన్నుకొందును. రెండడుగుల దూరమునుండి చూచువాడు బేరింగు మూతను చూడలేడు గాని, పట్టాలు దిగిన పెట్టెను ఎవడైనను చూడగలడు.

సెట్లలో వచ్చిన పెట్టెల చట్రములను సాధారణముగా ప్లాస్టిక్ శీలతో నొక్కి నిలుపుదురు. స్క్రూడ్రైవరు చివరతో మెల్లగా ఎత్తినచో ఊడివచ్చును. మిగిలిపోవు రంధ్రము కొత్త చట్రపు మరకు మిక్కిలి పెద్దది. ఇక్కడనే తొందరపాటు గలవారు ఆ రంధ్రములో జిగురు నింపి మర దిగవేయుదురు. నెల తిరుగకమునుపే అది ఊడును. రంధ్రమునకు బిగువుగా సరిపడు పాలీస్టైరీను కడ్డీముక్కను, ప్లాస్టిక్కును కరగించి అతుకు జిగురుతో అద్ది చొప్పించి, ఒక రాత్రి అట్లే విడువుడు. మరునాడు పైకి వచ్చిన భాగమును కత్తితో కోసి, ఆకురాయితో నేలకు సమముగా రాయుడు. పెట్టె నడిమిగీతను పెన్సిలుతో గీసి, దానిమీద మర కేంద్రమును సూదితో పొడిచి గుర్తింపుడు; సూదిగుర్తు లేకుండ బరమా నిలువదు, ప్రక్కకు జారును. ఆ గుర్తుమీద చేతిబరమాతో 1.8 మిల్లీమీటర్ల రంధ్రము నిటారుగా తొలిచి, 2-56 అను కొలతగల టాపుతో మరచుట్లు కోయుడు. సగము చుట్టు ముందుకు, పావు చుట్టు వెనుకకు త్రిప్పుచు పోయినచో ప్లాస్టిక్ పొట్టు తెగి రాలును; ఒక్క విసురున త్రిప్పినచో వేడికి ప్లాస్టిక్ మెత్తబడి చుట్లు చెడును. మర పొడవును ముందే కొలువుడు: లోపల ఉక్కు బరువుపలక ఉన్నచో మర దానికి తగిలి పైకప్పును ఎత్తివేయును. ఈ చిన్న రంధ్రము మీదనే రానున్న సంవత్సరములన్నియు ఆ పెట్టె తిరుగవలసి యున్నది; దీనికి అరగంట ఎక్కువ పట్టినను చింతిల్లరాదు.

మరలను బిగించు పద్ధతిలో ఒక రహస్యము కలదు, చాలమంది ఏండ్ల తరబడి దానిని ఎరుగక బాధపడుదురు. రెండు చట్రములను ఒకే తీరున బిగింపరాదు. ఒకదానిని ప్రక్కలకు తిరుగుటకు మాత్రము వీలుండునట్లు, ఒరుగుటకు వీలులేనట్లు బిగింపుడు. రెండవదానిని పావు చుట్టు వదలుచేసి అటునిటు ఒరుగునట్లు ఉంచుడు. ముక్కాలిపీట ఎంతటి మెట్టపల్లముల నేలమీదనైనను కదలక నిలుచునట్లు, ఇట్లు బిగించిన పెట్టె మూడు చోట్ల ఆనుకొని, పట్టా ఎత్తుపల్లములలో నాలుగు జతల చక్రములను ఏకకాలమున పట్టామీద ఉంచును. రెండును బిగిసినచో ఒక మూల చక్రము గాలిలో లేచును. రెండును వదులైనచో పెట్టె ఊగులాడును.

ఇప్పుడు ఎత్తు. నాకు ఈ అధ్యాయములో చెప్పవలసిన మాట ఒక్కటే యున్నదనినచో అది ఇక్కడ ఉన్నది. హెచ్.ఓ. కప్లరు నడిమి ఎత్తు పట్టా తలనుండి 25/64 అంగుళము, అనగా ఇంచుమించు 9.9 మిల్లీమీటర్లు. అసలు బండిలోను ఇట్టి నియమమే కలదు: అమెరికాలో పట్టా తలనుండి 34½ అంగుళములకు మించరాదు, 31½ అంగుళములకు తగ్గరాదు. దీనిని సరిచూచుటకు కేడీవారి 205వ నెంబరు గేజి వంటిది పట్టామీద నిలుపవలెను. అది లోహపుది గనుక రెండు పట్టాలను కలిపి విద్యుత్తును షార్టుచేయును. కావున అడుగు పొడవు చెక్కపలకమీద తీగెలేమియు తగిలింపని పట్టాముక్కను అమర్చి, ఒక చివర ఈ గేజిని నిలిపి, దానిని బల్లమీద శాశ్వతముగా ఉంచుకొనుట మేలు.

గేజికి ధనమేల, చక్కగా నడుచుచున్న పెట్టె ప్రక్కన కొత్తదానిని నిలిపి కన్ను వంచి చూచినచో చాలదా అని అడుగుట సహజము. చాలదు. చక్కగా నడుచుచున్న ఆ పెట్టె వెంట్రుకవాసి క్రిందుగా ఉండవచ్చును. దానితో సరిపోల్చిన రెండవది ఇంకొక వెంట్రుకవాసి. రెండవదానితో పోల్చిన మూడవది మరికొంత. ఒక్కొక్క జతను విడిగా చూచినచో దోషము కనబడదు. ఏదో ఒకనాడు మొదటిదానిని ఏడవదానికి తగిలించినపుడు, ఎత్తైన వంతెనమీద ఆ రెండు పిడికిళ్ళును ఒకదానిమీదనుండి ఒకటి జారి విడిపోవును. అప్పుడు ఏ పెట్టె తప్పని నిర్ణయింపగలవాడు లేడు, ఏలయన ప్రతిదియు తన పొరుగుదానికి సరియైనదే. ఇంట పదిమందిలో పెరిగి, అన్నతోను మేనత్త కొడుకుతోను పోల్చబడుచు వచ్చినవారికి ఇందలి అన్యాయము వేరుగ చెప్పనక్కరలేదు.

గేజితో చూచినపుడు కప్లరు క్రిందుగా ఉన్నచో, చట్రమునకును పెట్టె నేలకును నడుమ సన్నని వాషరు చేర్చుడు. అంగుళములో నూటికొక వంతు మందము గలవియు, దానికి ఒకటిన్నర రెట్లు మందము గలవియు దొరకును. ఒకటి గాని, మహా అయినచో రెండు గాని చాలును. అంతకు మించినచో పెట్టె ఎత్తుపీట లెక్కినట్లగపడుటయే గాక ఊగుటయు మొదలిడును. కప్లరు పైకి ఉన్నచో చట్రము ఆనుకొను చోటును ఆకురాయితో కొద్దికొద్దిగా రాచి, మాటిమాటికి గేజివద్దకు తెచ్చి చూడుడు. చట్రము సరిగానే యుండి, కప్లరును పట్టియుంచు చిన్న కప్లరుపెట్టె అమరికలోనే తేడా ఉన్నచో, తల ఎత్తుగాను తల దిగుడుగాను చేసిన కాడలు గల కప్లరులున్నవి, వానిని ఎన్నుకొనుడు. కప్లరు కాడను చేతితో వంచి సరిచేయుట మాత్రము కూడదు.

పిమ్మట కప్లరు అమరిక. టాల్గో చట్రములు తీసివేసిన పెట్టెకు కప్లరుపెట్టె ఉండదు గనుక దానిని నేలకు, పెట్టె అంచుతో సమముగా, నడిమిగీతమీద మరతో బిగింపవలెను. పాత అథర్న్ నీలిపెట్టెల కిట్లలో కప్లరుపెట్టె ఉన్నను, దాని మూత లోహపు బిళ్ళయై నొక్కి నిలుచును; అది వదులై పడిపోవుట ప్రసిద్ధము. నడుమ రంధ్రము తొలిచి మర దిగవేసినచో ఆ బెడద తీరును. కప్లరును నడిమికి త్రోయుటకు 5వ నెంబరులో వేరుగా కంచు స్ప్రింగురేకు వచ్చును. 148వ నెంబరులో కాడకే సన్నని మీసములుండి అవియే ఆ పని చేయును. కొత్తవారికి రెండవది సులభము. పోతపోసిన ముక్కల అంచులందలి పొరపెచ్చును కత్తితో గీకి, గ్రాఫైటు పొడిని చిటికెడు చల్లి, మూతపెట్టి, మర బిగించి, కప్లరును వ్రేలితో ప్రక్కకు త్రోసి విడువుడు. అది తనంత తాను నడిమికి రావలెను. రానిచో మరను మరికొంత బిగించుట కాదు, విప్పి ఎక్కడ రాచుకొనుచున్నదో వెదకుటయే మార్గము.

పిడికిలి ప్రక్కనున్న మిక్కిలి చిన్న చుట్టస్ప్రింగు ఎగిరిపోవుట అందరెరిగిన దుఃఖము. దానిని తిరిగి పెట్టవలసినపుడు సన్నని కత్తికొనను స్ప్రింగు చుట్లనడుమ దూర్చి ఎత్తుడు. అంతకుముందే స్ప్రింగులోనుండి జానెడు దారమును గ్రుచ్చి రెండు కొనలను ఎడమచేత పట్టుకొన్నచో, అది ఎగిరినను దారమునకే వ్రేలాడును. పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులుంచి పనిచేయువారును కలరు; చూచువారు నవ్వవచ్చును గాని వారి స్ప్రింగులు మాత్రము పోవు.

క్రిందికి వ్రేలాడు తీగె పట్టా తలకు పైగా అంగుళములో 32వ వంతు, అనగా 0.8 మిల్లీమీటరు ఎడముండవలెను. దిగుడైనచో పాయింట్ల వద్ద తగిలి పెట్టెను ఎత్తివేయును. మరీ పైకైనచో అయస్కాంతపు లాగుడు అందదు. దానిని వంచుటకు ప్రత్యేకమైన పటకారు కలదు. అయస్కాంతములను ఇష్టపడక, తీగెలను కత్తిరించివేసి, వెదురుపుల్ల కొనను రెండు పిడికిళ్ళనడుమ దించి మెల్లగా త్రిప్పి విడదీయువారు నేడు చాలమంది. నాకును ఆ పద్ధతియే ప్రియము: షంటింగు చేయు పాయింట్స్‌మన్ బండి ప్రక్కన నడచి పోయినట్లు, మనమును బండివెంట నడచిపోదుము.

బరువు చివరిది. అసోసియేషన్ సిఫారసు ప్రకారము హెచ్.ఓ. పెట్టెకు ఒక ఔన్సును, దానిపై పొడవులో ప్రతి అంగుళమునకు అరయౌన్సును ఉండవలెను. ఆరంగుళముల పెట్టెకు నాలుగు ఔన్సులు, అనగా 113 గ్రాములు. తేలిక పెట్టె బరువు పెట్టెలనడుమ చిక్కినచో వంపులో లోపలివైపునకు లాగబడి పడును. చేర్చు బరువును నేలకు దగ్గరగా, రెండు చివరలకు సమముగా అతికింపుడు. సీసము వాడినచో పని ముగిసినంతనే చేతులు కడుగవలెను, పిల్లలకు అందనీయరాదు.

పరీక్ష ముందుకు నడుపుటతో కాదు, వెనుకకు నెట్టుటతో చేయవలెను. సరిచేసిన పెట్టెను మంచి పెట్టెలనడుమ చేర్చి, పాయింట్లగుండ, ఎదురెదురు వంపులగుండ వెనుకకు నెట్టుడు. పడినచో అమెరికా రైలువారు చెడిన పెట్టెకు ‘బ్యాడ్ ఆర్డర్’ అను చీటి తగిలించి పక్కదారిన పెట్టు ఆచారమును పాటించి, దానికొక చీటి అంటించి, పడిన చోటును దిక్కును వ్రాసి బల్లమీదికి తీసికొనిపొండు. పద్దెనిమిది అంగుళముల వ్యాసార్ధము గల బిగువు వంపులమీద పొడుగు పెట్టెలకు నేలకు బిగించిన కప్లరు చాలినంత తిరుగదు. వానికి పొడుగు కాడ గల కప్లరులు కావలెను, లేదా వంపును పెంచవలెను. నలువది, ఏబది అడుగుల పెట్టెలకు ఈ చిక్కు రాదు. ఒక్క సాయంకాలములో ముప్పది పెట్టెలను పూర్తిచేయబూనుట మానుడు. మిక్కిలి తరచుగా పడు పెట్టెతో మొదలిడి, దినమునకొకటి చేసి, చేసినదాని క్రిందిభాగమున తేదీని పెన్సిలుతో వ్రాయుచు పొండు. ఎన్ స్కేలు బండ్లకును, ఆర్నాల్డ్ రాపిడో కప్లరులను తీసి మైక్రో ట్రెయిన్స్ వారివి పెట్టుటలో, ఇదే క్రమము చెల్లును. అక్కడి పెట్టె 160వ వంతు గనుక భూతద్దమును, మరికొంత మంచి వెలుతురును అదనముగా కావలెను.

తీసివేసిన టాల్గో చట్రములను పారవేయనక్కరలేదు. వాని చక్రములకు తుప్పురంగు పూసి, పైకప్పులేని గోండలా పెట్టెలో అడ్డదిడ్డముగా పేర్చినచో పాతయినుము కొలిమికి పోవు సరకుగా చక్కగా కనబడును; బరువు చాలని ఆ పెట్టెకు కావలసిన ఔన్సులను ఆ కుప్పక్రింద దాచవచ్చును.